ఓల్డేజ్ హోమ్ నడపాలంటే: ఇన్‌చార్జి, ఆయమ్మలు, రాత్రి రెండింటి డ్యూటీ

నెలకి కనీసం ఇద్దరైనా ఫోన్ చేస్తారండి నాకు. "మేడమ్, అమలాపురం దగ్గర మా తాతల నాటి మండువా లోగిలి ఖాళీగా ఉంది, పిల్లలంతా అమెరికాలో సెటిలైపోయారు, హోమ్ పెడదామనుకుంటున్నాం, ఎన్ని మంచాలు పడతాయంటారు, ఏసీ పెట్టించాలా" అని. మంచాల సంగతి తర్వాత చూద్దాం గానీ, రాత్రి రెండింటికి మామ్మగారు బాత్రూంకి లేస్తే పక్కన ఎవరుంటారు, ఆ ఉన్న మనిషికి పెద్దవాళ్ళని లేపడం వచ్చా అని అడుగుతా. అవతల కాసేపు మాట ఉండదు.

నేను గవర్నమెంటాస్పత్రిలో 27 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యి, తొమ్మిదేళ్ళుగా కోనసీమలో ఓ 32 మంచాల హోమ్ చూసుకుంటున్నా. చేసిన తప్పులు చాలానే ఉన్నాయి, కొన్ని ఇందులో చెప్తా. పెట్టేవాళ్ళకి, ఇప్పటికే నడుపుతున్నవాళ్ళకి, అమ్మానాన్నల్ని చేర్పించబోయేవాళ్ళకి కూడా పనికొస్తుందని మెట్లు మెట్లుగా రాస్తున్నా. కాస్త పొడుగే, టీ పెట్టుకుని కూచోండి.

మొదటి మెట్టు: ఇన్‌చార్జి ఎవరో ముందు తేల్చెయ్యండి

డబ్బు పెట్టినాయన వేరు, ఇన్‌చార్జి వేరు. ఓనర్ హైదరాబాద్‌లో ఉండి, ఇక్కడ మేనేజరని ఒక అబ్బాయిని పెట్టి, ప్రతిదానికీ "సార్‌ని అడిగి చెప్తానండి" అనిపించే హోమ్‌లు చాలా చూశా. రాత్రి పన్నెండింటికి తాతగారికి ఆయాసం వస్తే ఆ అబ్బాయి సార్‌కి ఫోన్ చేస్తాడు, సార్ నిద్రలో ఉంటాడు, సార్ లేచి కొడుక్కి చేస్తాడు, ఈలోగా గంట పోద్ది.

అందుకని కాగితం మీద రాసి సంతకం పెట్టండి: 108 పిలవడానికి ఇన్‌చార్జి ఎవర్నీ అడగక్కర్లేదు, ఇన్‌చార్జి లేకపోతే డ్యూటీలో ఉన్న ఆయమ్మ కూడా అడగక్కర్లేదు. బీరువాలో అయిదు వేలు ఎప్పుడూ ఉండాలి, ఖర్చు పెట్టాక లెక్క చెప్తే చాలు. పని సరిగ్గా చేయని మనిషిని ఆ రోజుకి డ్యూటీ నుంచి తప్పించే అధికారం కూడా ఇన్‌చార్జిదే. ఈ మూడూ లేకపోతే ఆ మనిషి ఇన్‌చార్జి కాదు, వాచ్‌మెన్.

ఇక ఇన్‌చార్జి చేయాల్సిన అసలు పని తిరగడం. ఆఫీసు గదిలో సీసీటీవీ ముందు కూచుంటే ఏం తెలియదండి, కెమెరాకి వాసన రాదు కదా. నేను పొద్దున్న అయిదున్నరకి ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, వారంలో ఏదో ఒక రోజు చెప్పకుండా రెండింటికి ఒకసారి తిరుగుతా. ఎవర్నో పట్టుకోడానికి కాదు, ఆ టైములో ఆయమ్మ ఒంటరిగా ఏం పడుతోందో చూడ్డానికి. తిరిగినప్పుడు నేను చూసేవి చిన్నచిన్నవే: నీళ్ళ గ్లాసు చెయ్యి అందేంత దూరంలో ఉందా, బెల్లు తలగడ పక్కనుందా గోడకి వేలాడుతోందా, కళ్ళద్దాలు తుడిచి ఉన్నాయా, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా, గోళ్ళు కత్తిరించారా, మడమలు ఎలా ఉన్నాయి. మడమలు చూస్తే ఆ హోమ్ మొత్తం తెలిసిపోద్ది.

మా అక్క కూతురు ఇంగ్లాండులో ఇలాంటి హోమ్‌లోనే చేస్తోంది. అక్కడ కేర్ క్వాలిటీ కమిషన్ అని ప్రభుత్వ తనిఖీ సంస్థ ఉంది, వాళ్ళు ప్రతి హోమ్‌నీ అయిదు విషయాల్లో చూస్తారంట: మనుషులు భద్రంగా ఉన్నారా, ఇచ్చే సేవ పనిచేస్తోందా, ప్రేమగా చూస్తున్నారా, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి మారుతున్నారా, నాయకత్వం బావుందా. మార్కులు బయట అందరికీ కనపడేలా పెడతారు. మన దగ్గర అంత తనిఖీ లేదు కాబట్టి ఆ అయిదు ప్రశ్నలూ మనమే వేసుకోవాలి, నేనైతే నెలకోసారి ఓ నోటుబుక్కులో రాసుకుంటా. చివరి ప్రశ్న దగ్గర ఎప్పుడూ నాకే మార్కులు తక్కువొస్తాయి.

రెండో మెట్టు: ఎంతమంది కావాలో లెక్క

ఇక్కడ అందరూ మోసపోతారు. ఒక సీటులో రోజంతా ఒక మనిషి ఉండాలంటే ముగ్గురు చాలనుకుంటారు. వారానికి 168 గంటలు, ఒక మనిషి 48 గంటలు చేస్తే మూడున్నర మంది, సెలవులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు కలిపితే నలుగురు. అంటే పగలూ రాత్రీ ఒక్క ఆయమ్మ కనపడాలంటే జీతాల పుస్తకంలో నాలుగు పేర్లుండాలి. పన్నెండు గంటల డ్యూటీలు పెట్టి ఇద్దరితో లాగేద్దామనుకుంటే రెండు నెలల్లో నడుం పట్టేసి మానేస్తారు.

నా అనుభవంలో పగలు నడిచేవాళ్ళు ఏడెనిమిది మందికి ఒక ఆయమ్మ, మంచం పట్టినవాళ్ళయితే నలుగురికి ఒకరు. రాత్రి మాత్రం ఎంత చిన్న హోమ్ అయినా ఒక్కత్తినే వదలొద్దు, మంచం మీద మనిషిని పక్కకి తిప్పాలంటే రెండు జతల చేతులు కావాలి.

ఇంకో విషయం, మన దగ్గర క్యాలెండర్ వేరు. సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ ఉండరు, ఇంటికి కూతురూ అల్లుడూ వస్తారు, కోడిపందాలు, ప్రభల తీర్థాలు. సార్వా కోతలకి, దాళ్వా ఊడ్పులకి కూలి రేట్లు బావుంటాయి, కొంతమంది అటు పోతారు. డిసెంబర్ ఒకటో తారీఖుకే సంక్రాంతి రోస్టర్ గోడకి అంటించెయ్యాలి, పండగ రోజులు చేసినవాళ్ళకి డబుల్ జీతం, కనుమ తర్వాత వరసగా సెలవులు. మొదటి ఏడాది నేనిది చేయలేదు, భోగి రోజు పొద్దున్న నేనూ వంటమనిషీ కలిసి 20 మందికి స్నానాలు చేయించాం. ఆ ఏడాది పండగ నాకు గుర్తులేదు.

మూడో మెట్టు: మనుషుల్ని తీసుకోవడం

కోనసీమకి ఒక అదృష్టముంది, చాలామందికి తట్టదు. మన ఆడవాళ్ళు వేలల్లో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో చేసొచ్చారు, అక్కడ ముసలివాళ్ళని ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు ఎంతోమంది. వీల్‌చైర్‌లోంచి మంచం మీదకి మార్చడం, డైపర్, ముక్కుగొట్టంతో ఫుడ్ పెట్టడం వాళ్ళకి చేతికొచ్చిన పని. సర్టిఫికెట్ ఉండదు, బయోడేటాలో "హౌస్ మెయిడ్" అని ఉంటుంది, అది చూసి పక్కన పెట్టెయ్యకండి. నా దగ్గర బెస్ట్ ఆయమ్మ కువైట్లో పదకొండేళ్ళు చేసొచ్చినావిడే.

జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసిన పిల్లలు దొరుకుతారు, వాళ్ళనీ తీసుకోండి, బీపీ చూడ్డం, చార్టు రాయడం తొందరగా పట్టుకుంటారు. పగలు కనీసం నర్సింగ్ కోర్సు చేసిన ఒక జీఎన్ఎం గానీ ఏఎన్ఎం గానీ ఉండాలి. ఇంజెక్షన్, యూరిన్ పైపు, డ్రెస్సింగ్ నర్సు పని, ఆయమ్మతో చేయించొద్దు.

ఇంటర్వ్యూ కుర్చీలో కూచోబెట్టి చేయకండి. సగం రోజు కూలి ఇచ్చి పనిలోకి దించండి, ఎవరో ఒక మామ్మగారికి ఇడ్లీ తినిపించమనండి. చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళి ఆగుతుందా, కుక్కేస్తుందా, మొహం చూస్తోందా, పక్కామెతో కబుర్లు చెప్తూ పెడుతోందా. పది నిమిషాల్లో తేలిపోద్ది. తర్వాత ఆ మామ్మగార్ని అడగండి ఎలా ఉందని, ఆవిడ ఓటుకి నా ఓటు కంటే ఎక్కువ విలువ.

ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ తప్పదు. జీతం ఒకటో తారీఖున పడిపోవాలి. స్టాఫ్ పదిమందో ఆపైనో ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా సంగతి ఆడిటర్ని అడిగి కట్టండి, నెలకి 21,000 లోపు జీతం వాళ్ళకి వర్తిస్తుంది. ఊరికే రూల్ కోసమే కాదు, ఆయమ్మ కొడుక్కి జ్వరమొస్తే ఆవిడ అప్పు చేయక్కర్లేదు.

నాలుగో మెట్టు: పని నేర్పడం, చెయ్యి చూడ్డం

ఇది పెద్ద మెట్టు. "ట్రైనింగ్ ఇచ్చాం" అంటారు, ఏంటయ్యా అంటే ఒక పూట ప్రొజెక్టర్ పెట్టి స్లైడ్లు చూపించి సమోసా పెట్టి పంపించారు. అది ట్రైనింగ్ కాదు. నా పద్ధతి మొదటి 14 రోజులు కొత్త మనిషికి సొంతంగా మంచాలు ఇవ్వను, పాత ఆయమ్మ వెనకాల ఉంటుంది. ఒక్కో పని ముందు చూస్తుంది, తర్వాత కలిసి చేస్తుంది, తర్వాత తను చేస్తుంటే నేను నిలబడి చూస్తా. మూడు సార్లు సరిగ్గా చేస్తే పేరు ఎదురుగా టిక్కు. ఆర్నెల్లకోసారి మళ్ళీ చూస్తా, పాతవాళ్ళని కూడా, వాళ్ళకి కోపమొచ్చినా సరే. పాతవాళ్ళకే దొంగదారులు ఎక్కువ తెలుస్తాయి.

చేతులు కడగడంతో మొదలు. సబ్బుతో, వేళ్ళ సందుల్లో, బొటనవేలు, గోళ్ళు, గాజులు పైకి లాగి. ఒక మనిషి దగ్గర్నుంచి ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళే ముందు ప్రతిసారీ. గ్లౌజులున్నాయి కదా అని అవే గ్లౌజులతో డైపర్ మార్చి నీళ్ళ గ్లాసు పట్టుకునేవాళ్ళని చూశాను, గ్లౌజు ఆవిడ్ని కాపాడుతుంది, మామ్మగార్ని కాదు.

పడక పుండ్లు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి, ఇది ఏ నర్సునడిగినా చెప్తుంది, కానీ ఎందుకో ఆయమ్మకి చెప్పరు. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట, అంటే నడుం కింద, తుంటి, మడమ, మోచెయ్యి, తల వెనక, మంచానికీ ఎముకకీ మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు, అదే పుండు. మేం కొత్తవాళ్ళని చెక్క బల్ల మీద వెల్లకిలా అరగంట కదలకుండా పడుకోబెడతాం, లేచాక ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ మాట వెంటనే నర్సుకి. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు, అందుకని చెయ్యి పెట్టి చూడాలి, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే అనుమానించాలి. మడమల కింద కాదు, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాలి. ఇంకా చేయకూడనివి: ఎర్రబడ్డచోట మర్దనా చేయొద్దు, స్పిరిట్ రాయొద్దు, పౌడర్ గుమ్మరించొద్దు, గాలి ట్యూబు మీద కూచోబెట్టొద్దు, ట్యూబు చుట్టూ నొక్కుకుని మధ్యలో రక్తం ఆడకుండా చేస్తుంది. ఎయిర్ బెడ్ ఉంటే తిప్పక్కర్లేదనుకోవడం ఇంకో భ్రమ.

తినిపించడం. మంచం మీద వాలిపోయి ఉన్న మనిషికి నోట్లో పెట్టకూడదు. నిటారుగా కూచోబెట్టి, గడ్డం కాస్త కిందకి, చెంచా సగమే, మింగారని గొంతు కదలడం చూశాకే రెండోది. తిన్నాక అరగంట కూచునే ఉండాలి. మింగడం కష్టమైనవాళ్ళకి చిక్కటి జావ కంటే పల్చటి మజ్జిగే ప్రమాదం, గొంతులోంచి జారి ఊపిరితిత్తుల్లోకి పోద్ది. తిన్నాక గొంతు గరగరలాడినా, తడి గొంతుతో మాట్లాడినా ఆపేసి నర్సుకి చెప్పాలి. నెలకోసారి అందరి బరువూ చూడండి, నెలలో నూటికి అయిదు వంతులు తగ్గితే డాక్టర్‌కి చూపించాలి. ఒకాయన 60 కిలోల నుంచి 56కి వచ్చాడు, ఏ జబ్బూ లేదు, పళ్ళసెట్టు వదులైందంతే, కొడుకు ఫోన్లో బానే మాట్లాడుతున్నాడు నాన్నగారు అంటున్నాడు.

లేపడం. చంకల కింద చేతులేసి లాగడం మన అలవాటు, భుజం కీలు ఊడొచ్చేస్తుంది, ఆయమ్మ నడుమూ పోద్ది. దుప్పటి రెండు మడతలేసి మనిషి కింద పరిచి ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపడం నేర్పండి. కూచోబెట్టాక ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబెట్టాలి, గబుక్కున లేపితే బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడతారు. పడిపోతే వెంటనే లేపెయ్యకూడదు, తుంటి విరిగితే ఆ కాలు పొట్టిగా అయ్యి బయటికి తిరిగి ఉంటుంది, అలా ఉంటే కదపకుండా 108. అన్నట్టు మండువా లోగిలి అన్నవాళ్ళకి, ఆ గడపలున్నాయి చూశారూ, అరడుగు ఎత్తు, వాటికి ముందు వాలు కట్టించండి. ఏసీ తర్వాత పెట్టించుకోవచ్చు.

మందులు. ఇక్కడ మా హోమ్‌లో జరిగిందే చెప్తా. ఒకావిడకి షుగర్, రాత్రికి 16 యూనిట్ల ఇన్సులిన్. అబ్బాయి అమెరికా నుంచి వస్తూ అక్కడి ఇన్సులిన్ సీసాలు తెచ్చాడు, మంచిదే అనుకున్నాం. మన దగ్గర మామూలుగా దొరికే సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. అమెరికా సీసాలో 100 యూనిట్లు, దానికి నారింజ మూత సిరంజి కావాలి. మా నర్సు అలవాటు కొద్దీ ఎర్ర మూత సిరంజితో 16 గీత దాకా తీసి ఇచ్చేసింది, లోపలికి వెళ్ళింది 40 యూనిట్లు. రాత్రి రెండున్నరకి ఆయమ్మకి ఆవిడ చెమటతో తడిసిపోయి కనపడింది, పేరు పిలిస్తే ఏదో గొణుగుతోంది. గ్లూకోమీటర్‌లో 42. మింగగలిగే స్థితిలో ఉంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి పట్టించి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూసి, మళ్ళీ పట్టించి, 108 లో పంపాం. బతికిందండి, తర్వాత నాలుగేళ్ళున్నారు.

ఆ పొద్దున్న ఆ నర్సు పిల్ల ఏడుస్తూ వచ్చి తనే చెప్పింది సిరంజి తప్పని. ఓనర్ తీసెయ్యమన్నారు. నేను తీయలేదు, తీస్తే రేపు ఇంకో పిల్ల తప్పు చేసి దాచేస్తుంది, అప్పుడు రెండున్నరకి ఏం జరిగిందో మనకి ఎప్పటికీ తెలియదు. ఆ సీసాలు ఆవిడ గదిలోకి రానిచ్చింది నేను. తప్పు పద్ధతిలో ఉంది. అప్పట్నుంచి బయటి నుంచి వచ్చిన ఏ మందైనా ముందు నా టేబుల్ మీదకి రావాలి, ఇన్సులిన్ ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి, సీసా మీద ఏ రంగు సిరంజో స్టిక్కర్. షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేయాలో ప్రతి ఆయమ్మకి నోటికి వచ్చు, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని కూడా.

చివరిది, తేడా కనిపెట్టడం. ఇది ఏ కోర్సులోనూ రాదు, కానీ ఆయమ్మకే ముందు తెలుస్తుంది. "మామ్మగారు ఇవాళ ఏదోలా ఉందండి" అంటే అది డాక్టర్ రిపోర్ట్ అంత విలువైన మాట. నిన్నటిదాకా బాగా మాట్లాడినావిడ ఇవాళ పొద్దున్నుంచి లేనివాళ్ళతో మాట్లాడుతోంటే "వయసు కదా, చాదస్తం" అని వదిలెయ్యకండి. మతిమరుపు నెలల మీద వస్తుంది, ఒక్క రోజులో రాదు. ఒక్క రోజులో వచ్చిందంటే యూరిన్ ఇన్ఫెక్షనో, నీళ్ళు తగ్గడమో, విరోచనం కాకపోవడమో, సోడియం పడిపోవడమో, కొత్త మందో, ఏదో ఉంది. అలాగే మూతి ఒక పక్కకి జారినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూసి టైము రాసుకోవాలి. అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ అది మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. బీపీ మాత్ర నాలిక కింద పెట్టడం లాంటివి చేయొద్దు. మీకు దగ్గర్లో రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి ఏదో, అమలాపురమా, రాజమండ్రా, కాకినాడా, ముందే వెళ్ళి కనుక్కుని గోడ మీద రాసుకోండి.

అయిదో మెట్టు: మాట

మా హోమ్‌లో "ముసలమ్మ", "ఆరో నంబర్ బెడ్డు", "ఫీడింగ్ కేసు" అనే మాటలు లేవు. మామ్మగారు, తాతగారు, పెద్దమ్మగారు, మాస్టారు, ఎవరికి ఏది ఇష్టమైతే అది, చేరిన రోజే అడిగి రాసుకుంటాం. "ఏమే" అంటే నేను అక్కడే ఆపుతా, గోదారి వాళ్ళమయ్యుండి అండీ అనడానికి కష్టమేంటి.

మతిమరుపు ఉన్నవాళ్ళతో వాదించకూడదు, ఇది నేర్పడమే కష్టం. ఒక రైతు తాతగారు, రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి లేచి పంచె సర్దుకుని "కాలవకి నీళ్ళొదిలారా, నారుమడి ఎండిపోతోంది, వెళ్ళాలి" అని గేటు దగ్గరికి వెళ్ళేవాడు. కొత్త ఆయమ్మ "మీ పొలం అమ్మేశారు కదండీ, మర్చిపోయారా" అంది, ఆయన ఆ రాత్రంతా ఏడ్చాడు. తర్వాత పాతావిడ వెళ్ళి "జూన్‌లో గానీ వదలరంట తాతగారూ, ఈసారి ఏ రకం వేద్దామంటారు" అంది. ఆయన అరుగు మీద కూచుని గంటసేపు విత్తనాల గురించి చెప్పాడు. అది అబద్ధమా అని ఒక చదువుకున్న పిల్ల నన్నడిగింది. నాకు అబద్ధంలా అనిపించలేదు.

ఇంకో మాట, ఎవరూ పైకి అనరు గానీ ప్రతి హోమ్‌లో ఉంటుంది. కొంతమంది పెద్దవాళ్ళు ఆయమ్మని "మీరేవిట్లు" అని అడుగుతారు, ఫలానా వాళ్ళయితే నీళ్ళు పుచ్చుకోనంటారు. ఇన్‌చార్జి ఇక్కడ నీళ్ళు నమిలితే ఆ ఆయమ్మకి ఇంక ఆ హోమ్‌లో చోటు లేనట్టే. చేర్చుకునేటప్పుడే పిల్లల ముందు చెప్తా, ఇక్కడ మనిషిని చూసి డ్యూటీ వెయ్యను, డ్యూటీ చూసి మనిషిని వేస్తా, ఇష్టమైతేనే చేర్పించండి అని. ఇద్దరు వెళ్ళిపోయారు. వెళ్ళనీండి.

ఆరో మెట్టు: డ్యూటీ అప్పగింతలు, రిజిస్టర్

షిఫ్ట్ మారేటప్పుడు పది నిమిషాలు రెండు షిఫ్టులవాళ్ళూ కలిసి మంచం మంచానికీ తిరగాలి, టేబుల్ దగ్గర నిలబడి "అంతా ఓకే" అనుకోవడం కాదు. ఏం తిన్నారు, ఎంత తాగారు, విరోచనం ఎప్పుడయింది, ఏ వైపు తిప్పారు, కొత్తగా ఏం కనపడింది. చదువు తక్కువున్న ఆయమ్మలకి బొమ్మల చార్టు చేశాం, గ్లాసు బొమ్మ, ఇడ్లీ బొమ్మ, అటూ ఇటూ బాణాలు, గీత పెడితే చాలు. అన్ని గళ్ళూ ఒకే పెన్నుతో ఒకే రాతతో నిండి ఉంటే డ్యూటీ చివర్లో ఒకేసారి కూచుని నింపేశారని అర్థం.

తప్పుల పుస్తకం వేరే ఉంది, ఆకుపచ్చ అట్ట. పడిపోవడం, మందు మర్చిపోవడం, తృటిలో తప్పినవి కూడా. అందులో రాసినందుకు ఫైన్ లేదు, తిట్లు లేవు. దాచి తర్వాత దొరికితే మాత్రం ఉంటాయి. కొట్టడం, గిచ్చడం, మంచానికి కట్టెయ్యడం, డబ్బు తీయడం ఇవి తప్పులు కావు నేరాలు, ఆ రోజే బయటికి, పిల్లలకి చెప్పి పోలీస్ కంప్లయింట్. ఈ రెండింటికీ తేడా స్టాఫ్‌కి మొదటి రోజే తెలియాలి.

ఏడో మెట్టు: ఎండ, వరద

రోహిణి కార్తెలో ముసలివాళ్ళకి దాహం తెలియదు, అడిగేదాకా ఆగకూడదు. గంటకోసారి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బార్లీ, కాస్త కాస్త. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి మాత్రం ఎంత తాగాలో డాక్టర్ చెప్పిన లెక్కే, కొబ్బరినీళ్ళు కూడా అడిగాకే.

వరద సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటేసింది. గోదావరి మధ్యనుండే లంక ఊళ్ళల్లో కాజ్‌వేలు ముందే మునిగిపోతాయి, ఆయమ్మలు డ్యూటీకి రాలేరు, వచ్చినవాళ్ళు ఇంటికి వెళ్ళలేరు. అందుకని మాకు మొదటి హెచ్చరిక రాగానే పని మొదలు: లంక ఊళ్ళ స్టాఫ్ ఉండేలా వస్తారా లేక ఇంటి దగ్గర ఉంటారా తేల్చుకోవడం, పదిహేను రోజుల మందులు, జనరేటర్‌కి డీజిల్, ఆక్సిజన్ మిషన్ వాడేవాళ్ళకి సిలిండర్, ఒక్కొక్కరి మెడలో పేరు, జబ్బు, మందులు, పిల్లల నంబర్ ఉన్న ట్యాగు. రెండో హెచ్చరికకి మంచం పట్టినవాళ్ళని ముందు తరలించాలి, నడిచేవాళ్ళని తర్వాత. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. జూన్‌లో ఒకసారి ఉత్తుత్తి తరలింపు చేసి చూడండి, మాకు మొదటిసారి స్ట్రెచర్ గుమ్మంలో పట్టలేదు.

ఎనిమిదో మెట్టు: పిల్లలతో

చెడు వార్త ఆ రోజే చెప్పండి, అక్కడ అర్ధరాత్రయినా సరే. పడిపోయారని మూడు రోజుల తర్వాత వీడియో కాల్‌లో కమిలిన మొహం చూసి తెలుసుకుంటే ఇంక మీరు ఏం చెప్పినా నమ్మరు. నలుగురు పిల్లలుంటే నిర్ణయం చెప్పేది ఎవరో ఒక్క పేరు రాయించుకోండి, మొదట పెద్దవాళ్ళనే అడిగి. ఆయమ్మ చేతిలో విడిగా డబ్బులు పెట్టొద్దని పిల్లలకి చెప్పండి, ఇవ్వాలంటే అందరికీ కలిపి పండక్కి.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం గురించి స్టాఫ్‌కి కూడా చెప్పండి, పిల్లలు తెచ్చి వదిలేసి ఫోనెత్తకపోతే ఆర్డీఓ దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 14567 ఎల్డర్‌లైన్ నంబర్ పెద్దవాళ్ళే చదువుకునేలా పెద్ద అక్షరాలతో హాల్లో పెట్టండి, మీ మీద కంప్లయింట్ చేయడానికి కూడా అదే నంబర్, దాచకండి. 70 నిండినవాళ్ళకి 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు, 5 లక్షల దాకా ఆస్పత్రి వైద్యం ఉచితం, అర్జెంటుగా ఆస్పత్రికి పరిగెత్తినప్పుడు కాకుండా ముందే చేయించి ఉంచండి.

తొమ్మిదో మెట్టు: చూసేవాళ్ళని చూసుకోవడం

నైట్ డ్యూటీ ఆయమ్మకి పొద్దున్న పడుకోడానికి గది, తాళం వేసుకునే బీరువా, అందరితో పాటు అదే భోజనం. మిగిలింది కాదు. ఇంతకంటే పెద్ద హెచ్‌ఆర్ పాలసీ మా దగ్గర లేదు.

ఎవరైనా పోయినప్పుడు, మూడేళ్ళు రోజూ స్నానం చేయించిన ఆయమ్మకి ఆ గంటలోనే ఆ మంచం దులిపి కొత్త దుప్పటి వెయ్యమని చెప్పేవాళ్ళం. ఒకసారి ఒకావిడ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇప్పుడు ఆ మంచం ఒక రోజు ఖాళీగా ఉంచుతాం, ఓనర్‌కి ఒక రోజు ఆదాయం పోద్ది, పోనీండి. చివరి స్నానం తనే చేయిస్తానంటే చేయించనిస్తాం, పిల్లలు ఒప్పుకుంటే కాటి దాకా వెళ్ళనిస్తాం. అమెరికా నుంచి కొడుకు వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది, ఫ్రీజర్ బాక్స్ పక్కన ఆ రెండు రాత్రులూ దీపం కొండెక్కకుండా చూసుకునేది ఆ ఆయమ్మే, ఆ రెండు రోజులూ ఆవిడకి ఇంకే డ్యూటీ వెయ్యను.